తడి ఆరని నేల

నేను బొద్దింకల్ని పొగడడం మొదలుపెడితే మా ఆయన లేచి పక్క గదిలోకి వెళ్ళిపోతాడు. వెళ్తే వెళ్ళనీ. మెచ్చుకోవాల్సినదాన్ని మెచ్చుకోకుండా నోరు కట్టేసుకుని కూర్చోవడం నా వల్ల కాదు. మా బేకరీని మూయించడానికి కంకణం కట్టుకున్న జీవాలే అవి, కాదనను. కానీ అంత మొండి ప్రాణాన్ని, అంత పొదుపైన సంసారాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు, మా అత్తగారిని మినహాయిస్తే.

బేకరీ పెద్దదేం కాదు. ముందు దుకాణం, దాని వెనక పనిగది, పైన మా ఇల్లు. పనిగదిలో ఓవెన్, పిండి కలిపే మిషన్, రేకు పరిచిన పొడవాటి బల్ల, రెండు తొట్ల సింకు, ఓ మూల మనిషెత్తు ఫ్రిజ్ ఉంటాయి. అత్తగారు, మామగారు కలిసి పెట్టిన వ్యాపారం. మామగారు పోయాక రొట్టెల పని మా ఆయనకీ, బిస్కెట్లూ కౌంటరూ నాకూ వచ్చాయి. కేకుల మీద పేర్లు రాయడం మాత్రం అత్తగారిదే. ఆవిడ రాస్తే అక్షరాలు కేకుతో పాటే పుట్టినట్టుండేవి. తర్వాత ఆవిడ చేతులకు వణుకు పట్టుకుంది. ఒకరోజు ఓ పుట్టినరోజు కేకు తీసుకెళ్ళడానికి వచ్చిన తల్లి, పేరు వంక చూసి, ఏమీ అనకుండా మళ్ళీ చూసింది. ఆవిడ వెళ్ళాక అత్తగారు క్రీము గొట్టం నా చేతిలో పెట్టి, ఇకనుంచి నువ్వే రాయి అన్నారు. పిండి ముద్దలు తూచడం, ట్రేలకు వెన్న రాయడం కూడా అలాగే ఒకటొకటిగా ఆవిడ చేతుల్లోంచి జారిపోయాయి. ఆఖరికి మిగిలింది, దుకాణం కట్టేశాక పనిగది నేల కడగడం.

ఆ పనిలో ఆవిడ జోలికి ఎవరూ వెళ్ళేవాళ్ళం కాదు. బకెట్లతో నీళ్ళు గుమ్మరించి, చీపురుతో మూలమూలా రుద్ది, మళ్ళీ నీళ్ళు గుమ్మరించి, తూములోకి తోసేసేవారు. అంతటితో సరి. గుడ్డ పెట్టి తుడవడం ఆవిడకు గిట్టదు. గుడ్డ మురికే నేలకు అంటుతుందనీ, కడిగిన నేల తనంతట తనే ఆరాలనీ ఆవిడ సిద్ధాంతం. మామగారు ఉన్నప్పటినుంచీ ఇదే పద్ధతి. పొద్దున్నే మా ఆయన తలుపు తీసేసరికి ఓవెన్ కింద, బల్ల కాళ్ళ దగ్గర ఇంకా తడి మెరుస్తూ ఉండేది. ఆ మెరుపు చూసి మేమందరం మురిసిపోయేవాళ్ళం, మా అంత శుభ్రమైన బేకరీ చుట్టుపక్కల లేదని.

అలాంటి బేకరీలోకి తనిఖీ ఆయన వచ్చాడు. చేతిలో ఎప్పుడూ టార్చి ఉంటుంది కాబట్టి ఆయనకు టార్చిలైటాయన అని నేనే పేరు పెట్టాను. ఆయన వంగి సింకు కింద లైటు వేశాడు. గోధుమరంగు బొద్దింకలు, చిన్నవే, నున్నగా, నిగనిగలాడుతూ, కుటుంబ సమేతంగా గోడ మీద ఉన్నాయి. లైటు పడగానే మాయమయ్యాయి. ఒకటి మాత్రం తాపీగా ఆయన బూటు మీదుగా నడిచి అవతలికి వెళ్ళింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన కోపంగా కూడా మాట్లాడలేదు. నెలా నెలన్నరలో మళ్ళీ వస్తాననీ, చెప్పి రాననీ, అప్పుడు ఒక్కటి కనబడినా షట్టరు దింపించి వెళ్తాననీ చెప్పాడు. తిండి అమ్మే దుకాణానికి ఒకసారి షట్టరు పడితే మళ్ళీ తీసినా జనం రారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

ఆ రోజునుంచి యుద్ధం మొదలైంది. పిండి చుట్టూ మందు కొట్టకూడదు కాబట్టి మా ఆయన ఓ తెల్లపొడి తెచ్చి మూలల్లో చల్లాడు. సాయంత్రం అత్తగారు శుభ్రంగా కడిగేశారు. మళ్ళీ చల్లాడు, మళ్ళీ కడిగేశారు. ఇక లాభం లేదని సీసాల్లో రొట్టెముక్కలు వేసి, మూతి లోపల నూనె రాసి పెట్టాడు. తిండికి దిగిన బొద్దింకలు పైకి ఎక్కలేక పొద్దున్నకి దొరికిపోయేవి. వాటిని బకెట్ నీళ్ళలో గుమ్మరించి, అవి కదలడం మానేశాక వడగట్టి, పెరట్లో చెత్తడబ్బాలో పారేసేవాడు. పారేసి వచ్చి, యుద్ధం గెలిచిన సేనాపతి లెవల్లో టీ అడిగేవాడు. నేను ఇచ్చేదాన్ని. ఇన్ని చస్తున్నా గోడ మీద సందడి ఎందుకు తగ్గడం లేదో ఇద్దరికీ అంతుపట్టలేదు.

అంతుపట్టింది ఓ ఉదయం. ఫోనొస్తే ఆయన మాట్లాడుతూ దుకాణంలోకి వెళ్ళాడు. వడగట్టిన బొద్దింకలు ఓ పాత ట్రేలో, కాళ్ళు పైకి పెట్టి, పెరటి గుమ్మం మీద పడున్నాయి. చెత్తడబ్బా దాకా నేనే తీసుకెళ్దామని, చేతిలో పని ముగించుకుని వచ్చేసరికి కాసేపు పట్టింది. వచ్చి చూస్తే ఒకదాని కాలు కదిలింది. గాలికేమో అనుకున్నాను. ఇంకోదాని మీసం కదిలింది. చూస్తుండగానే ఒకటి పక్కకు దొర్లి, లేచి నిలబడి, మీసాలు రెండూ సర్దుకుని, వచ్చిన దారి వెతుక్కుంటూ మా గుమ్మం దాటి లోపలికి నడిచింది. దాని వెనక ఇంకోటి. మా ఆయన రోజూ చేస్తున్నది వాటికి స్నానం చేయించి పెరట్లో ఆరబెట్టడమని నాకప్పుడు అర్థమైంది. ఆపుకోలేక పెరట్లోనే కూర్చుని నవ్వాను. నవ్వు అయ్యాక భయమేసింది.

మా అక్క బడిలో జీవశాస్త్రం చెబుతుంది. దానికి ఫోన్ చేశాను. బొద్దింక ముక్కుతో ఊపిరి తీసుకోదనీ, ఒంటికి రెండు పక్కలా వరసగా సన్నటి రంధ్రాలుంటాయనీ, నీళ్ళలో పడగానే వాటిని మూసేసుకుని, ఉన్న గాలితోనే అరగంట దాకా సర్దుకుపోగలదనీ చెప్పింది. చచ్చినట్టు పడుందంటే చచ్చిందని కాదు, గాలి తగిలితే లేస్తుందని అంది. అంతటితో ఆగకుండా, ఆ రంధ్రాల్ని అది ఎండలో కూడా మూసుకుంటుంది, ఒంట్లో నీళ్ళు ఆవిరైపోకుండా, అని కూడా చెప్పింది. ఒంటి మీద మైనం పూతలాంటిది ఉంటుందట, అదీ నీటిని దాచుకోవడానికేనట. మునిగితే నీటిని లోపలికి రానివ్వదు, ఎండితే నీటిని బయటికి పోనివ్వదు. అంత చిన్న ఒంట్లో అంత ఏర్పాటు ఎవరు చేశారో గానీ, మా ఇంటి నీళ్ళట్యాంకు కట్టిన మేస్త్రీ మాత్రం కాదు.

ఒక మాట నా చెవిలో ఉండిపోయింది, ఆ ఒంట్లో నీళ్ళు దాచుకోవడం గురించి. అంతగా దాచుకుంటోందంటే నీళ్ళు లేకపోతే దానికి గడవదన్నమాటే కదా. మూతలకు చిల్లులు పెట్టిన రెండు గాజు సీసాలు తీసుకున్నాను. ఒకదాంట్లో బిస్కెట్ పొడి వేసి, నీళ్ళు పెట్టలేదు. రెండోదాంట్లో తడి దూది పెట్టి, తిండి పెట్టలేదు. ఒక్కోదాంట్లో ఒక్కో బొద్దింకను వేసి బట్టల అలమరలో దాచాను. మా ఆయన చూసి, ఇంట్లో ఉన్నవి చాలక పెంచుకుంటున్నావా అన్నాడు. వారం దాటిన కొద్ది రోజులకు బిస్కెట్ సీసాలోది వెల్లకిలా పడింది. తిండి మధ్యలోనే చచ్చిపోయింది, చుక్క నీరు లేక. తడి దూది సీసాలోది మాత్రం ఏమీ తినకుండా, దూది చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ, హాయిగా ఉంది. దానికి మహారాణి అని పేరు పెట్టుకున్నాను. అక్కకు చెబితే, ఇక దానికి సంబంధాలు కూడా చూడు అంది.

మహారాణిని చూస్తూ కూర్చున్న ఓ సాయంత్రం కింద నుంచి నీళ్ళ చప్పుడు వినబడింది. అత్తగారు నేల కడుగుతున్నారు. బకెట్ తర్వాత బకెట్. ఆ చప్పుడు వింటూ నేను సీసా వంక చూశాను. మేము రొట్టెలన్నీ డబ్బాల్లో పెడుతున్నాం, పిండి బస్తాలకు మూతులు కడుతున్నాం, ఒక్క పొడి రేణువు లేకుండా బల్ల తుడుస్తున్నాం. అవన్నీ వాటికి లెక్కేం కాదు. వాటికి కావలసింది రోజూ సాయంత్రం, ఓవెన్ కిందా సింకు కిందా, అడక్కుండానే అందుతోంది. పెడుతున్నది మా అత్తగారు.

ఈ సంగతి మా ఆయనకు చెబితే ఆయన మొహం వాడిపోయింది. అమ్మకు నువ్వే చెప్పు అన్నాడు. మీ అమ్మ కదా, మీరే చెప్పండి అన్నాను. కోడలు చెబితే బాగుంటుందన్నాడు. కోడలు చెబితే ఎలా ఉంటుందో ఏ కోడలినైనా అడగమన్నాను. ఆఖరికి ఆయనకో తెలివైన ఆలోచన వచ్చింది. పనిగది నీళ్ళ గొట్టం పాడైందనీ, సాయంత్రం పూట నీళ్ళు రావనీ చెప్పి, మీట కట్టేశాడు. అత్తగారు సరే అన్నారు. ఆ సాయంత్రం నేను కౌంటరు సర్దుతుంటే మెట్ల మీద ఏదో చప్పుడైంది. వెళ్ళి చూద్దును కదా, ఆవిడ పైనుంచి బకెట్‌తో నీళ్ళు మోసుకొస్తున్నారు. చేతి వణుక్కి సగం నీళ్ళు మెట్ల మీదే ఒలికిపోతున్నాయి. మెట్టుమెట్టుకీ ఆగి, గోడకు ఆనుకుని, మళ్ళీ దిగుతున్నారు. నేను పరుగెత్తుకెళ్ళి బకెట్ పట్టుకున్నాను గానీ, ఆవిడ వదల్లేదు. దుకాణాన్ని మురికిగా వదిలి పడుకోవడం నాకు చేతకాదమ్మాయ్ అన్నారు. మర్నాడు మా ఆయన బకెట్ దాచేశాడు. నా మొగుడే, ఏం చెప్పను.

బకెట్ కోసం ఆవిడ ఆ రోజంతా వెతికారు. ఎవరినీ ఏమీ అడగలేదు. మర్నాడు నేను పైకి వెళ్ళేసరికి మంచం మీద సంచీ తెరిచి, బట్టలు మడిచి పెట్టుకుంటున్నారు. మా ఆడపడుచుకు అప్పటికే ఫోన్ చేసేశారు. ఆవిడ పక్కన మంచం మీద కూర్చున్నాను.

"ఎక్కడికి అత్తయ్యా?"

"అమ్మాయి దగ్గరికి. పేర్లు రాయడం పోయింది, తూకం పోయింది. నేలకు కూడా నేను పనికిరానంటే, ఇక్కడ కూర్చుని ఎవరికి బరువవ్వాలి?"

ఇంకో అబద్ధం ఆడితే ఆవిడ వెళ్ళిపోతారు. నిజం చెబితే ఏమవుతారో తెలియదు. నాకు దాచుకుని మాట్లాడడం మొదటినుంచీ రాదు. ఇన్నాళ్ళు దాచిందే ఎక్కువ.

"బొద్దింకలు మీ నీళ్ళ మీద బతుకుతున్నాయి అత్తయ్యా. తిండి లేకపోయినా ఉంటాయి గానీ, నీళ్ళు లేకపోతే ఉండలేవు. మీరు కడిగి వదిలేసిన తడే వాటికి ఆధారం. మిమ్మల్ని ఆపాలనుకున్నాం. చెప్పే ధైర్యం లేక గొట్టం పాడైందన్నాం."

ఆవిడ మడిచిన గుడ్డనే మళ్ళీ విప్పి మళ్ళీ మడిచారు. వాడికి కూడా తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. నేను మెట్ల మీద మోస్తున్నప్పుడు కూడానా అని అడిగారు. తలూపాను. మీ మామగారు ఉండగా కూడా ఇలాగే కడిగేదాన్ని, అన్నారు, ఎవరితోనో అన్నట్టుగా. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండేది.

"నాకు చూపించు," అన్నారు.

వారపు సెలవు రోజు మధ్యాహ్నం, షట్టరు దింపి, కిటికీ మూసేసి, పనిగదిలో చీకటి చేశాం. సింకు కింద ఓ దోసెడు నీళ్ళు చల్లాను. కేకులకు చుట్టే ఎర్ర కాగితం టార్చికి కట్టాను. ఎర్ర వెలుతురు వాటి కళ్ళకు ఆనదని అక్క చెప్పింది. పిండి డబ్బాలు బోర్లించుకుని, అత్తాకోడళ్ళం సినిమాకు వచ్చినట్టు పక్కపక్కన కూర్చున్నాం. కొంతసేపటికి గోడ పగులులోంచి రెండు మీసాలు బయటికొచ్చాయి. ముందు అవే గాలిని తడిమాయి. తర్వాత ఒళ్ళు వచ్చింది. దాని వెనక మరికొన్ని. రేకు బల్ల కింద నిన్నటి బిస్కెట్ తునక ఒకటి పడి ఉంటే దాని పక్కనుంచే వెళ్ళాయి, వంగి కూడా చూడలేదు. తిన్నగా నీటి చుక్కల దగ్గరికి వెళ్ళి, ఒక్కో చుక్క దగ్గర ఒక్కోటి ఆగి, తలలు వంచి తాగాయి. తోపులాట లేదు, తొందర లేదు. మన కుళాయిల దగ్గర అంత క్రమం నేనెప్పుడూ చూడలేదు.

తాగడం అయిపోయిన ఒక బొద్దింక పక్కకు జరిగి, ముందుకాలితో మీసాన్ని వంచి, నోట్లో పెట్టుకుని, మొదలునుంచి చివరిదాకా మెల్లగా లాగి శుభ్రం చేసుకుంది. తర్వాత రెండో మీసం. అత్తగారు ముందుకు వంగారు. ఆవిడ మొహంలో కొన్నాళ్ళుగా కనిపించని ఆసక్తి కనిపించింది.

"ఎంత శుభ్రమే దీనికి," అన్నారు గుసగుసగా. "మనింట్లో ఒక్కళ్ళయినా ఇలా కడుక్కుంటారా?"

నేను నవ్వాను. ఆవిడా నవ్వారు, కానీ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. ఇన్నేళ్ళూ వీటిని నేనే సాకానన్నమాట, అన్నారు. ఆ తర్వాత లేచి, డబ్బా పక్కకు పెట్టి, పైకి వెళ్ళి సంచీలోంచి బట్టలు తీసి అలమరలో పెట్టేశారు. ఆడపడుచుకు ఫోన్ చేసి, ఇక్కడ పనుంది, రాలేను అని చెప్పడం మెట్ల కిందకి వినిపించింది.

అక్కడినుంచి ఆవిడ చేసిన పని చూసి నేను ముక్కున వేలేసుకున్నాను. ఒక జీవితకాలం నమ్మిన పద్ధతిని ఆ వయసులో అంత నిక్కచ్చిగా తలకిందులు చేసుకోవడం నాకైతే సాధ్యమయ్యేది కాదు. గుడ్డంటే గిట్టని మనిషి, భుజం మీద పొడిగుడ్డ లేకుండా కిందికి దిగడం మానేశారు. నేలను తక్కువ నీళ్ళతో కడిగి, రబ్బరు కర్రతో లాగి, తడిగుడ్డ పిండి తుడిచి, తర్వాత పొడిగుడ్డతో తుడిచి, ఆ మీదట ఫ్యాను పెట్టేవారు. సింకు తొట్లు, కుళాయి మెడ, తూము జాలీ, అన్నీ పొడిగా ఉండాల్సిందే. మా ఆయన టీ కప్పులో అడుగున గుక్కెడు వదిలి బల్ల మీద పెడితే, ఎవరికోసం ఉంచావు, చుట్టాలకా, అని అడిగేవారు. ఆయన ఆ కప్పు తీసుకెళ్ళి కడిగి, తుడిచి, చూపించి మరీ పెట్టేవాడు. బకెట్ దాచిన పాపానికి ఆ మాత్రం పడాల్సిందే.

ఫ్రిజ్ వెనక సంగతి కూడా ఆవిడే పట్టారు. అక్కడ గొట్టానికి చెమట పట్టి, బొట్టుబొట్టుగా గోడ వెంట దిగి, గచ్చులోకి ఇంకుతోంది. కంటికి ఆనే తడి కాదు. నేను చూసి పొడిగా ఉందన్నాను, మా ఆయన చూసి పొడిగా ఉందన్నాడు. ఆవిడ పక్కకు ఒత్తిగిలి చెయ్యి దూర్చి, వేళ్ళ కొసలతో గోడంతా తడిమి, ఇక్కడుంది అన్నారు. ఆ గొట్టానికి గుడ్డపట్టీ చుట్టి, పైన ప్లాస్టిక్ కట్టించే దాకా ఆయన్ని నిలబెట్టారు. మూలల్లో చల్లిన తెల్లపొడి ఇప్పుడు కొట్టుకుపోకుండా ఉండిపోయింది. అది వాటి మైనం పూతను గీరేస్తుందట, ఇక ఒంట్లో దాచుకున్న నీళ్ళు నిలవవట. గోడ మీద సందడి తగ్గింది. చచ్చినవి నిజంగా చచ్చినవే దొరకడం మొదలైంది. గాలి తగిలినా లేవలేదు.

కానీ ఒక కొత్త చిక్కు వచ్చింది. మిగిలినవి పగలు బయటికి రావడం మొదలుపెట్టాయి. చీకటంటే ప్రాణం పెట్టే జీవాలు, ఎండ పడుతున్న బల్ల మీదికి, మనుషుల మధ్యకి, నీళ్ళు వెతుక్కుంటూ వచ్చేస్తున్నాయి. దాక్కుంటే బతకలేని స్థితికి మేమే తెచ్చాం. నాకు ఒక పక్క గెలుస్తున్నామన్న సంతోషం, ఇంకో పక్క టార్చిలైటాయన ఈ నాలుగు రోజుల్లో రాకపోతే బాగుండునన్న గుబులు. ఇంకొంచెం సమయం దొరికితే ఒక్కటీ మిగలదు. ఆయనకు అలాంటి మొహమాటాలేం ఉండవు కదా, సరిగ్గా అప్పుడే వచ్చాడు.

పొద్దున్న రొట్టెలు ఓవెన్‌లోంచి తీస్తున్న వేళ. ఆయన టార్చి పట్టుకుని సింకు కిందకి వంగాడు. నేను, మా ఆయన, అత్తగారు బల్లకు ఇవతల నిలబడ్డాం. ఆయన కోసం తెచ్చిన మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టాను. ఆయన వేలితో గొట్టాన్ని రాసి చూశాడు, తూము జాలీ ఎత్తి చూశాడు, ఓవెన్ కింద నేల మీద అరచెయ్యి పెట్టి చూశాడు. సరిగ్గా ఆయన ఫ్రిజ్ వెనక్కి తల పెట్టినప్పుడు, బల్ల రేకు గోడను కలిసే చోటినుంచి ఒక బొద్దింక బయటికొచ్చింది. పరుగెత్తలేదు. తూలుతున్నట్టుగా, గ్లాసు వైపే నడిచింది.

మా ఆయన కళ్ళతోనే నన్నేదో చెయ్యమంటున్నాడు, నేను కళ్ళతోనే ఆయన్నే చెయ్యమంటున్నాను. అత్తగారు చెయ్యి చాపి, గిన్నె బోర్లించినట్టు, దాని మీద అరచెయ్యి మూశారు. ఆ చెయ్యి వణుకుతూనే ఉంది, కానీ లేవలేదు. నా ప్రాణం కాస్త కుదుటపడింది. కింద పడేసి తొక్కేయమని నేను కనుసైగ చేశాను. ఆవిడ నా వైపు చూడలేదు.

టార్చిలైటాయన లేచి, మోకాళ్ళు దులుపుకుని, ఏమీ కనబడలేదు, బాగా శ్రమపడ్డారు అన్నాడు. ఆ మాటకోసమే కదా ఇన్నాళ్ళు నిద్ర మానుకున్నది. నేను నమస్కారం పెట్టబోతున్నాను.

"ఒకటుంది బాబూ," అన్నారు అత్తగారు. "ఇదుగో, నా చేతికింద."

మా ఆయన, అమ్మా అని ఆగిపోయాడు. ఆవిడ గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"పోయినసారి మీరు చూసినవన్నీ నేను నీళ్ళు పోసి పెంచినవే. రోజూ నేల కడిగి తడి వదిలేసేదాన్ని, అదే శుభ్రమనుకున్నాను. ఇప్పుడు మానేశాను. ఇది ఒక్కటే అని ఒట్టు పెట్టి చెప్పలేను. షట్టరు వెయ్యాలంటే వెయ్యండి. నా తప్పు కింద రాసుకోండి, పిల్లలది కాదు."

చెయ్యి ఎత్తారు. బొద్దింక పారిపోలేదు. పొట్ట వీపుకు అతుక్కుపోయి, రంగు వెలిసిపోయి, నిలబడ్డ చోటే నిలబడి, గ్లాసు వైపు మీసాలు ఊపుతోంది. ఆయన టార్చి వేసి దాన్ని చాలాసేపు చూశాడు. నేను ఆయన మొహాన్నే చూస్తున్నాను. పట్టపగలు మనుషుల మధ్యకు ఇలా వచ్చిందంటే లోపల వీటికి చుక్క దొరకడం లేదన్నమాట, అన్నాడు. తర్వాత అత్తగారి వణికే చేతుల వంక చూశాడు. భుజం మీది పొడిగుడ్డ వంక చూశాడు.

"దుకాణం తెరిచే ఉంచండి," అన్నాడు. "మళ్ళీ వస్తాను. అప్పటికి ఇది కూడా ఉండకూడదు."

మా ఆయన వెంటనే రొట్టెలు చుట్టే కాగితం ఒకటి లాగి, మడిచి, బొద్దింక మీదికి చెయ్యి ఎత్తాడు. అత్తగారు ఆయన మణికట్టు పట్టుకున్నారు.

"ఆగరా. దాహంతో వచ్చింది. తాగనీ, తర్వాత చంపుదాం."

గ్లాసులో వేలు ముంచారు. వణికే వేలికి చుక్కను జార్చడం కష్టమేం కాలేదు. అది బొద్దింక ముందు పడింది. టార్చిలైటాయన టార్చి ఆర్పేశాడు. బొద్దింక తల వంచి తాగింది. నలుగురం, ఓవెన్‌లో రొట్టెలు మాడుతున్న వాసన వస్తున్నా, కదలకుండా నిలబడి చూశాం. తాగడం అయ్యాక అది ఒక మీసం వంచి నోటితో శుభ్రం చేసుకుంది. రెండోదీ చేసుకునే దాకా అత్తగారు ఆగారు. అప్పుడు మా ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని, దాని మీద వేసి, అరచేత్తో గట్టిగా నొక్కారు. భుజం మీద గుడ్డ తీసి, చుక్కలో మిగిలిన తడిని తుడిచి, వేలి కొసతో రేకును మళ్ళీ తడిమి చూసుకున్నారు.